మాట, జ్ఞాపకం, కుంగుబాటు: ఒక మెదడు పరిశోధనలో పాల్గొన్న నా అనుభవం

కుంగుబాటుకు చికిత్స పొంది కోలుకున్నవారు తమ గతాన్ని ఎలా గుర్తు చేసుకుంటారు, దాన్ని ఎలాంటి మాటల్లో చెబుతారు, అలా చెబుతున్నప్పుడు వారి మెదడులో ఏం జరుగుతుంది అనే విషయాలపై ఒక విశ్వవిద్యాలయంలోని మనస్తత్వశాస్త్ర విభాగం పరిశోధన చేస్తోంది. గతంలో ఆ చికిత్స తీసుకున్న వ్యక్తిగా నేను అందులో పాల్గొన్నాను. ఇలాంటి అధ్యయనాల ఫలితాలు వార్తల్లో రెండు మూడు వాక్యాలుగా వస్తాయి గానీ, ఆ వాక్యాలు పుట్టడానికి ముందు గదిలో కూర్చున్న మనిషిని ఏమేం అడుగుతారు, ఏమేం చేయిస్తారు, ఏ విషయం ముందుగా చెబుతారు, ఏది చివరి దాకా చెప్పరు అన్నది బయటికి పెద్దగా రాదు. పాల్గొనమని ఆహ్వానం అందినప్పుడు నాకు కావలసి వచ్చినవి సరిగ్గా ఆ వివరాలే కాబట్టి, ఇప్పుడు అదే ఆలోచనలో ఉన్నవారి కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి దశ ఫోన్‌లో జరిగింది. వయసు, చదువు, మాతృభాష, తక్కిన భాషలు ఏ వయసులో నేర్చుకున్నాను వంటి ప్రశ్నల తర్వాత ఏ చేత్తో రాస్తాను, ఏ చేత్తో కత్తెర పట్టుకుంటాను, బంతి ఏ చేత్తో విసురుతాను అని అడిగారు. చేతివాటం తేల్చడానికి 1971లో ఓల్డ్‌ఫీల్డ్ రూపొందించిన ప్రశ్నావళి ఒకటి నేటికీ ఇలాంటి పరిశోధనల్లో వాడుకలో ఉంది. కుడిచేతివాటం వారిలో తొంభై శాతానికి పైగా భాషకు సంబంధించిన పని ప్రధానంగా మెదడు ఎడమ భాగంలో జరుగుతుంది. ఎడమచేతివాటం వారిలోనూ ఎక్కువమందికి అంతే అయినా, ఆ నిష్పత్తి సుమారు డెబ్బై శాతమే. భాషను కొలిచే ప్రయోగంలో ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే సగటు తీసేటప్పుడు చిక్కు వస్తుంది. ఆ తర్వాత ఒంట్లో పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు, చెవిలో అమర్చిన పరికరాలు ఏమైనా ఉన్నాయా, కంట్లో ఎప్పుడైనా లోహపు రజను పడిందా, ఇరుకు చోట్లంటే భయమా అని అడిగారు. ఇవన్నీ బలమైన అయస్కాంతంతో పనిచేసే ఎంఆర్‌ఐ స్కానర్ కోసం. వాడుతున్న మందుల వివరాలు రాసుకున్నారు గానీ, పరిశోధన కోసం దేన్నీ ఆపవద్దని, మార్పులేమైనా ఉంటే అవి నా వైద్యుడికీ నాకూ మధ్య విషయమని అప్పుడే స్పష్టంగా చెప్పారు.

సమ్మతి పత్రం మీద సంతకం అనేది ఐదు నిమిషాల పని అని చాలామంది అనుకుంటారు. నా విషయంలో అది సుదీర్ఘమైన సంభాషణ అయింది, నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో అత్యంత విలువైన భాగం కూడా అదే. పీహెచ్‌డీ చేస్తున్న పరిశోధకురాలు పత్రాన్ని నా ముందు పెట్టి, నాతో పాటు పేరా పేరా చదివారు. ఒకచోట ఆగి, "మీరు దీన్నుంచి ఏం ఆశిస్తున్నారో ముందు చెప్పండి" అన్నారు. నా మెదడులో అప్పట్లో ఏం జరిగిందో, మళ్లీ అలా జరిగే అవకాశం ఎంత ఉందో తెలిస్తే బాగుంటుందని చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టారు. "అది మేం చెప్పలేమండీ. మీ స్కాన్ చూసి మీకు కుంగుబాటు ఉందనో, మళ్లీ వస్తుందనో చెప్పగల పద్ధతి ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. డాక్టర్లు నిర్ధారణ చేసేది మీతో మాట్లాడి, లక్షణాలు తెలుసుకుని. మేం ఇక్కడ చూసేది గుంపుల మధ్య తేడాలు. మీ ఒక్కరి గురించి దీన్నుంచి మీకు ఏమీ తెలియదనుకునే రండి, లేదంటే మానేయండి" అన్నారు.

పాల్గొనేవారిని ఎలాగైనా ఒప్పించాలని చూసేవారు అనే మాట కాదది. దీని వెనుక చరిత్ర ఉంది. మానసిక వైద్యానికి సంబంధించిన పరిశోధనల్లో పాల్గొంటున్న రోగులు తమకు జరుగుతున్నదంతా తమ మేలు కోసం ఎంచిన చికిత్సే అని నమ్ముతున్నారని, సమ్మతి పత్రం చదివి సంతకం పెట్టిన తర్వాత కూడా ఆ నమ్మకం పోవడం లేదని పాల్ యాపెల్‌బామ్, ఆయన సహచరులు 1982లో గుర్తించి రాశారు. వైద్యుడు ఒక్క రోగి మేలు చూస్తాడు. పరిశోధకుడు అందరికీ వర్తించే జ్ఞానం కోసం చూస్తాడు. ఇద్దరూ ఒకే రకం గదిలో, ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు కాబట్టి ఎదుటి మనిషికి ఆ తేడా కనబడదు. బాధలో ఉన్న మనిషికి మరీ కనబడదు. అందుకే ఆ తేడాను నోటితో చెప్పడం, చెప్పిన దాన్ని నా మాటల్లో తిరిగి చెప్పమని అడగడం ఎంతో అవసరమని నేను అనుకుంటున్నాను.

పత్రంలోని మిగిలిన షరతులను కూడా ఆమె అంతే నిదానంగా వివరించారు. ఏ దశలోనైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, దానివల్ల నా చికిత్సకు ఏ ఆటంకమూ ఉండదు. నా పేరుకు బదులు ఒక కోడ్ వాడతారు, పేరునూ కోడ్‌నూ కలిపే పట్టికను వేరే చోట భద్రపరుస్తారు. ఆ పట్టికను చెరిపేశాక నా సమాచారాన్ని వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే అది ఎవరిదో వారికి కూడా తెలియదు. స్కాన్‌లో అనుకోకుండా వైద్యపరంగా పట్టించుకోవలసినది ఏదైనా కనిపిస్తే రేడియాలజిస్టుకు చూపించి నాకు తెలియజేస్తారు. అలా తెలియజేయాలా వద్దా అన్నది ముందే నేను నిర్ణయించుకోవాలి. నా ప్రాణానికి ప్రమాదం ఉందని అనిపిస్తే మాత్రం గోప్యతను దాటి సంబంధిత వైద్యుడికి చెబుతారు. చివరగా, కొన్ని పరీక్షలు దేన్ని కొలుస్తాయో ముందే చెబితే జవాబులు మారిపోతాయి కాబట్టి ఆ వివరం అన్నీ పూర్తయ్యాక చెబుతామని కూడా రాసి ఉంది. దాచిపెడుతున్నామని ముందే చెప్పి దాచడం నాకు న్యాయంగానే తోచింది.

తర్వాత ప్రశ్నావళులు. వాటిలో కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 చాలామందికి ఆసుపత్రుల్లో పరిచయమై ఉంటుంది. గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతిగా పట్టడం, నీరసం, తన మీద తనకు చులకన భావం వంటి తొమ్మిది ఇబ్బందులు ఎంత తరచుగా కలిగాయో సున్నా నుంచి మూడు వరకు గుర్తు పెట్టాలి. మొత్తం 27కు లెక్కిస్తారు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే మరింత లోతుగా పరిశీలించాలని సాధారణంగా భావిస్తారు. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. ఆ ప్రశ్నకు సున్నా తప్ప మరే జవాబు వచ్చినా కాగితాన్ని అలాగే ఫైల్లో పెట్టేయకుండా, అర్హత ఉన్న క్లినికల్ సైకాలజిస్టు అదే రోజు ఆ వ్యక్తితో మాట్లాడాలన్నది వారి నియమం. నా జవాబు సున్నా అయినా, కాగితం అందుకున్న వెంటనే ఆమె చూపు మొదట ఆ గడి మీదికే వెళ్లడం గమనించాను. ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు ఒకరు నా పాత అనారోగ్యం గురించి వరస ప్రశ్నలతో సుదీర్ఘంగా మాట్లాడారు. ఎప్పుడు మొదలైంది, ఎంతకాలం ఉంది, పని చేయగలిగేదాన్నా అన్నవి అందులో ముఖ్యమైనవి. వయసులోనూ చదువులోనూ నాలాంటివారై ఉండి, ఎన్నడూ కుంగుబాటు రానివారిని కూడా మరో గుంపుగా తీసుకుంటున్నారని అప్పుడే తెలిసింది.

జ్ఞాపకాల పరీక్ష చూడటానికి అన్నింటికంటే తేలికైనది. యంత్రాలు లేవు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రికార్డర్. పరిశోధకురాలు ఒక్కో పదం చదువుతారు. ఆ పదం వినగానే నా జీవితంలో జరిగిన ఒక సంఘటన చెప్పాలి. అది ఒక రోజుకు మించనిదై ఉండాలి, ముఖ్యమైనదే కానక్కరలేదు. ఒక్కో పదానికి కొద్దిపాటి సమయమే ఇస్తారు.

మొదటి పదం "సంతోషం." నేను "స్నేహితులతో కలిసి సాయంత్రాలు నడిచి వెళ్లే రోజులు" అన్నాను. ఆమె మెచ్చుకోలేదు, తప్పనీ అనలేదు. "వాటిలో ఏదైనా ఒక రోజు, ఒక సంఘటన గుర్తుకు వస్తుందా?" అని మాత్రం అడిగారు. కాసేపటికి పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు గుర్తొచ్చింది. అక్క ఫోన్ చేసి, నా పేరు పలకకుండా హాల్‌టికెట్ నంబరు రెండుసార్లు చదవడం, రెండోసారి చదివేటప్పుడు ఆమె గొంతు మారడం చెప్పాను. పరిశోధకురాలు రాసుకుని తర్వాతి పదానికి వెళ్లారు. "విజయం"కు ఇబ్బంది రాలేదు. "అపరాధం" అన్నప్పుడు నా నోట వచ్చిన వాక్యం "నేనెప్పుడూ ఇంట్లో అందరినీ నొప్పించేదాన్ని." మళ్లీ అదే ప్రశ్న, అదే స్వరంతో. ఒక రోజును పట్టుకోవడానికి ప్రయత్నించాను. ఏళ్లు వచ్చాయి, మనుషులు వచ్చారు, ఒక్క రోజు మాత్రం రాలేదు. గడువు ముగిసింది, ఆమె తర్వాతి పదం చదివారు.

ఈ పరీక్ష కొలిచేది సరిగ్గా దాన్నే అని అన్నీ ముగిశాక చెప్పారు. మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ 1986లో, ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసి బతికినవారిని ఇలా పదాలిచ్చి అడిగారు. వారు తక్కినవారితో పోలిస్తే ఒక నిర్దిష్ట సంఘటనకు బదులు "ఎప్పుడూ", "ఆ రోజుల్లో" అనే తరహా సారాంశాలు ఎక్కువగా చెప్పారు. ఆ తర్వాత కుంగుబాటు ఉన్నవారిలోనూ అదే ధోరణి పదేపదే కనిపించింది, కోలుకున్నవారిలో కూడా కొంతమేర మిగిలి ఉంటుందని తేలింది. కారణాల గురించి ఒకటికి మించి వివరణలున్నాయి. బాధ కలిగించే సంఘటన దగ్గరికి పోకుండా మనసు పైపైనే ఆగిపోవడం ఒకటి. పదం వినగానే "నేను ఇలాంటిదాన్ని" అనే తలపోతలోకి జారిపోయి అక్కడే తిరుగుతూ ఉండటం రెండోది. వెతకడాన్ని చివరిదాకా నడిపించే ఏకాగ్రత శక్తి తగ్గడం మూడోది. అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయని విలియమ్స్ తదితరులు తర్వాత ప్రతిపాదించారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. కుంగుబాటు అంటే దుఃఖం ఎక్కువ కావడం అని మాత్రమే చాలామంది అర్థం చేసుకుంటారు. అది అనుభవించినవారికి ఇంకొకటి తెలుసు: గతంలో వివరాలు చెరిగిపోయి తీర్పులు మాత్రమే మిగులుతాయి. "ఆ రోజు కోపంలో ఒక మాట అన్నాను" అనుకోగలిగితే దానికి క్షమాపణ చెప్పవచ్చు, దాని ముందూ వెనకా ఏం జరిగిందో చూడవచ్చు. "ఎప్పుడూ నొప్పించేదాన్ని" అన్నదానికి ఏ తలుపూ లేదు. నా అనారోగ్య కాలంలో దీన్ని ఎవరికీ వివరించలేకపోయాను. దాన్ని ఒక బల్ల ముందు కూర్చుని, వరసగా కొన్ని పదాలు చదివి, లెక్కకు అందే రూపంలో పట్టుకోవచ్చని ఎవరో ఆలోచించారని తెలియడం నాకు గొప్ప ఊరటనిచ్చింది. నిర్దిష్టమైన జ్ఞాపకాలను తవ్వి తీయడంలో సాధన చేయించే శిక్షణలు కూడా తర్వాత వచ్చాయి, 2009లో ఫిలిప్ రాస్ బృందం ప్రచురించినది వాటిలో ఒకటి.

మెదడులోని విద్యుత్ తరంగాలను తల మీద నుంచి నమోదు చేసే ఈఈజీ వేరే రోజున. తలకు బిగుతుగా పట్టే టోపీ పెట్టి, దానిలోని ఒక్కో ఎలక్ట్రోడ్ కింద వెంట్రుకలు పక్కకు తప్పించి జెల్ నింపారు. చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్ నిరోధం తగ్గాలి, లేకపోతే మైక్రోవోల్టులలో ఉండే సంకేతం గోలలో కలిసిపోతుంది. తెర మీద ఒక్కో బిందువు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారేదాకా ఆమె ఓపికగా జెల్ సర్దుతూనే ఉన్నారు. నొప్పి ఉండదు, జుట్టు మాత్రం తర్వాత రెండు మూడు సార్లు కడుక్కోవాలి. ప్రయోగం మొదలుకాక ముందు నా తరంగాలను నాకే చూపించారు. కన్ను ఆర్పితే పెద్ద కొండ లేచింది, పళ్లు బిగిస్తే గీతలన్నీ నల్లబడ్డాయి. కళ్లు మూసుకున్నప్పుడు రికార్డయినది తర్వాత చూపించారు. తల వెనుక భాగం నుంచి వచ్చే గీతల్లో సెకనుకు సుమారు పదిసార్లు ఊగే నునుపైన అలలు. మనిషి మెదడు తరంగాలను 1924లో తొలిసారి రికార్డు చేసి, 1929లో ప్రచురించిన హాన్స్ బెర్గర్ చూసినవి కూడా ఈ ఆల్ఫా తరంగాలే.

అసలు పని చదవడం. వాక్యం ఒక్కో పదంగా తెర మధ్యలో వచ్చి పోతుంది. కొన్ని వాక్యాలు మామూలుగా ముగుస్తాయి, కొన్ని "ఆయన కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం తాగాడు" అన్నట్టుగా ముగుస్తాయి. అర్థానికి పొసగని పదం కనిపించిన సుమారు 400 మిల్లీసెకన్లకు తరంగం రుణ దిశగా ఒరుగుతుందని మార్టా కూటస్, స్టీవెన్ హిలియార్డ్ 1980లో చూపించారు. దాన్ని ఎన్400 అంటారు. ఈ అధ్యయనంలో మధ్య మధ్య నా గురించిన వాక్యాలు, అంటే మంచిగానో చెడుగానో ముగిసేవి, కలిపారు. తన గురించిన చెడ్డ మాట మెదడుకు ఎంత ఊహించినదిగా, ఎంత ఊహించనిదిగా తగులుతుందో పోల్చడం వారి ఉద్దేశం. ఒక్క వాక్యానికి వచ్చిన స్పందనను చూస్తే ఏమీ కనిపించదు, ఎందుకంటే మెదడులో అప్పుడు జరుగుతున్న మిగతా కార్యకలాపం దానికంటే చాలా పెద్దది. ఒకే రకం వాక్యాలను పదుల సంఖ్యలో చదివించి సగటు తీస్తేనే అది తేలుతుంది. చదివి చదివి కళ్లు అలసిపోవడానికి కారణం అదే. విరామాలు ఇచ్చారు గానీ, చివరి భాగంలో నా శ్రద్ధ తగ్గిందని నాకే తెలుస్తూ ఉంది. ఆ మాట వారితో చెప్పాను, నమోదు చేసుకున్నారు.

స్కానర్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దాన్ని గురించి ఎక్కువమందికి ఇప్పటికే తెలుసు. 3 టెస్లాల అయస్కాంతం, అంటే భూ అయస్కాంత క్షేత్రానికి పదుల వేల రెట్లు. గడియారం, నగలు, పిన్నులు అన్నీ బయటే. చెవుల్లో బిరడాలు పెట్టి, పైన హెడ్‌ఫోన్లు తగిలించినా చప్పుడు గట్టిగానే వినిపిస్తుంది. చేతిలో రబ్బరు బంతి ఉంటుంది, నొక్కితే వెంటనే బయటికి తీసుకొస్తారు. లోపల పడుకుని తెర మీది పదానికి ఒక జ్ఞాపకాన్ని మనసులోనే వెతికి, దొరికినప్పుడు బటన్ నొక్కాలి. పైకి మాట్లాడితే తల కదులుతుంది, కొన్ని మిల్లీమీటర్ల కదలిక కూడా చిత్రాన్ని పాడుచేస్తుంది. ఈ స్కానర్‌తో చేసే ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే పద్ధతి నాడీకణాలను నేరుగా చూడదు. పని చేస్తున్న చోటికి చేరే రక్తంలోని ఆక్సిజన్ తేడాను చూస్తుంది. సెయిజీ ఒగావా 1990లో వివరించిన ఈ సూత్రంలో స్పందన పరాకాష్ఠకు చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఏ చోట అన్నది ఇది బాగా చెబుతుంది, ఏ క్షణాన అన్నది ఈఈజీ బాగా చెబుతుంది. రెండూ చేయించింది అందుకే. 1861లో పాల్ బ్రోకా ఒక రోగి మాట పోవడానికి మెదడులో ఏ భాగం దెబ్బతిన్నదో చూడాలంటే ఆ రోగి మరణం దాకా ఆగవలసి వచ్చింది. జీవించి ఉన్న మనిషి, అదీ ఒక జ్ఞాపకాన్ని వెతుకుతున్న క్షణాల్లో, తన మెదడును చూడనివ్వగలగడం ఎంత పెద్ద మార్పో ఆ గొట్టంలో పడుకున్నప్పుడు ఆలోచించాను.

బాధాకరమైన పదాలతో ముగించి ఎవరినీ ఇంటికి పంపలేదు. ప్రతిసారీ చివర ఇష్టమైన ఒక జ్ఞాపకాన్ని వివరంగా చెప్పించుకున్నారు, మనసు ఎలా ఉందో అంకెల్లో అడిగి మొదట చెప్పిన దానితో పోల్చుకున్నారు. మరుసటి రోజు ఫోన్ కూడా చేశారు. నాకు పదాల పరీక్ష జరిగిన రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, అది చెబితే సైకాలజిస్టుతో మాట్లాడించారు.

అసంతృప్తులు కూడా ఉన్నాయి. ప్రశ్నావళులు చాలా పొడవు, ఒకే విషయాన్ని రకరకాలుగా అడిగేవి ఎక్కువ. కొన్ని వాక్యాల్లో రెండు నిరాకరణలు, అంటే "కాదు", "లేదు" వంటి మాటలు రెండు, కలిసి రావడంతో "అవును" అంటే ఏమని అర్థమో తేల్చుకోవడానికి ఆగవలసి వచ్చింది. కుంగుబాటులో ఏకాగ్రత తగ్గినవారికి అవి మరింత కష్టం. ఇంతకంటే పెద్ద విషయం ఎవరు వస్తున్నారన్నది. పగటిపూట సెలవు దొరికేవారు, తెర మీద వేగంగా చదవగలిగేవారు, తమ అనారోగ్యం గురించి బయటికి చెప్పుకోగలిగేవారు వస్తారు. మంచం దిగలేని స్థితిలో ఉన్నవారు రారు. మనస్తత్వశాస్త్రం చాలాకాలం పాశ్చాత్య దేశాల విద్యావంతుల మీద ప్రయోగాలు చేసి, వాటిని మానవులందరికీ వర్తింపజేసిందని జోసెఫ్ హెన్రిచ్ బృందం 2010లో గట్టిగా విమర్శించింది. ఆ విమర్శ దేశాల మధ్య తేడాకే కాక, ఒకే చోట ఉన్న మనుషుల మధ్య తేడాకూ వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను. దీన్ని అడిగినప్పుడు పరిశోధకురాలు సమర్థించుకోలేదు. తమ ఫలితం ఎవరికి వర్తించదో వ్యాసంలో రాస్తామని, ఏం చూడబోతున్నామో, ఎలా లెక్కిస్తామో సమాచారం సేకరించకముందే నమోదు చేశామని చెప్పారు. 2015లో ప్రచురితమైన ఒక పెద్ద ప్రయత్నంలో వంద మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను తిరిగి చేస్తే గణాంకపరంగా నిలిచినవి సుమారు మూడో వంతే. ఆ తర్వాత ఇలా ముందే నమోదు చేయడం ఈ రంగంలో బాగా పెరిగింది.

సేకరణ ఇంకా సాగుతోంది. పూర్తయ్యాక రెండు గుంపుల ఫలితాల సారాంశం పాల్గొన్నవారందరికీ పంపుతారు, అందులో ఎవరి వ్యక్తిగత స్కోరూ ఉండదు. కొంతకాలం తర్వాత కుంగుబాటు తిరిగి వచ్చిందో లేదో తెలుసుకునే ఇంటర్వ్యూకు పిలవవచ్చా అని అడిగారు, ఒప్పుకున్నాను. నన్ను ఇబ్బంది పెట్టిన ఆ నిరాకరణ వాక్యాలను ఒక కాగితం మీద రాసిచ్చాను. కొలమానంగా ప్రమాణీకరించిన ప్రశ్నల్లో మాటలు మార్చే వీలు తమకు లేదని, తాము సొంతంగా రాసుకున్న ప్రశ్నలను మార్చాలన్నా ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలని చెప్పి, ఆ రెండో రకం వాక్యాలను సవరణ దరఖాస్తులో చేర్చారు.